బొమ్మ మాస్టారి గాలిమర

వరద నీళ్ళు రేవులో గోదాముల కిటికీలెక్కిన ఏడు ఒకటుంది కదా, ఇది దాని మరుసటి ఏటి మాట. ఆ పొద్దున కూడా సరంగు రోజూలాగే లాంచీ ఎక్కి చుక్కాని గది అద్దాలు తుడుస్తున్నాడు. తడి పేపరుతో ఒకసారి, పొడి పేపరుతో ఒకసారి. ఉప్పుగాలికి అద్దాల మీద తెల్లటి పొర కడుతుంది. అది పోయేదాకా ఆయన చక్రం ముట్టుకోడు. మనిషి కొంచెం పొట్టి, భుజాలు మాత్రం తలుపుకి అడ్డంపడేటంత. చిన్నప్పటినించీ మోకులు లాగీ లాగీ అరచేతులు తోలులా మొద్దుబారిపోయాయి. ఆ చేతుల్తో పేపరు పట్టుకుంటే అద్దానికి లాల పోస్తున్నట్టు ఉంటుంది.

కిందనించి ఇంజను మామ తల పైకి పెట్టాడు. ఈ లాంచీలో ఇంజను చూసేది ఆయనే. భుజాన నూనెగుడ్డ, చెవిలో బీడీ.

"ఏం అల్లుడూ, రేపేగా నీ పెళ్ళి?"

"పరీక్ష మామా."

"రెండూ ఒకటే. రెంటికీ నోరు పెగలదు."

సరంగు నవ్వలేదు. పేపరు ఉండచుట్టి డబ్బాలో పడేశాడు. "ఇంజను తిప్పు, నీటి పోటు మారిపోతోంది" అన్నాడు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఒకచోట ఉండవు. ఇవాళ ఇక్కడ, నెల తిరిగేసరికి అక్కడ. పైనుంచి చూస్తే అంతా ఒకే నీరు. ఓడ లోపలికి రావాలంటే లోతెక్కడుందో తెలిసినవాడు ముందు నడవాలి. ఆ నడిచేవాడే సరంగు. మోకులు విసిరే పనిలో చేరి, గడ వేసి లోతు చూసే పనికి ఎక్కి, చివరికి చక్రం దగ్గరికి వచ్చాడు. ఆయనకి వేరే పని రాదు, రావాలని కోరికా లేదు. ఇంట్లో పెళ్ళాం అంటూ ఉంటుంది, "ఈయన నిద్దట్లో కూడా మంచం ఎడమకి తిప్పుతాడు" అని.

వరద రోజున ఒక విదేశీ ఓడ లంగరు తెగి మొగలోకి కొట్టుకొచ్చింది. అప్పటిదాకా ఓడలతో మాట్లాడే పని ఒడ్డునున్న రేడియో గదివాళ్ళది. ఆ రోజు ఆ గది నీళ్ళలో ఉంది. ఓడమీది మనిషి లాంచీ రేడియోలోకే వచ్చి ఇంగ్లీషులో అడిగాడు, ఏ పక్కకి రావాలని. సరంగుకి ప్రశ్న అర్థమయింది. జవాబూ తెలుసు, తన ఇంటి వాకిలి తెలిసినంత బాగా తెలుసు. దారి గుర్తుకి నీళ్ళలో తేలే ఎర్ర పీపాకి ఎడమ పక్క. మీట నొక్కాడు. నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు. రేవంతా రేడియోలో విన్నది ఆయన ఊపిరి ఒక్కటే. హు, హు, హు. ఓడ కుడికి తిరిగి బురదలో కూలబడింది. నీరు తీసేదాకా అక్కడే ఒరిగి ఉంది. ప్రాణాలెవరివీ పోలేదు. పోయిందల్లా సరంగు పరువు.

అప్పట్నించి ఆయన పేరు ఊపిరి సరంగు. రేడియో గది ముందునించి నడిచి వెళ్తే లోపలినించి ఎవడో ఒకడు హు, హు అని ఊదేవాడు. చేతికందితే ఒక్క తోపుకి నీళ్ళలో పడే మనుషులే. సరంగు తలొంచుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ తర్వాత రేవులో కొత్త ఆర్డరు వచ్చింది. ఇకనించి లాంచీ సరంగే ఓడతో స్వయంగా మాట్లాడాలి. అధికారి వెనక నిలబడి వింటాడు. మాట్లాడి ఓడని లోపలికి తెస్తే లాంచీ నీది. లేకపోతే ఒడ్డుమీదికి వచ్చి మోకులు కట్టుకో, చక్రం ఇంకొకడికి. ఆ పరీక్ష రేపే.

సరంగుని ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి పంపింది ఆయన వదిన. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "మా వార్డుకి పైదేశాల రోగులొస్తారు మరిదీ. వాళ్ళ ముందు మూగదానిలా నిలబడేదాన్ని. ఇప్పుడు వాళ్ళనే తిడుతున్నా. ఆ మాస్టారి చలవే" అంది. ఆయన ఎక్కడో దూరంగా ఇంకో ఊళ్ళో ఉంటాడట, ఫోన్లో మొహం చూసుకుంటూ పాఠం చెబుతాడట. "పేరు బొమ్మ మాస్టారు. ఎందుకో నువ్వే చూస్తావులే."

చూశాడు. మొదటి పాఠం రోజున ఫోనులో ఒక పెద్దాయన కనిపించాడు. బక్కపలచటి మొహం, గుండీలన్నీ పెట్టుకున్న తెల్లచొక్కా, వెనక సున్నం వేసిన గోడ. ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు, ఇంగ్లీషులో, నిమ్మళంగా. మీ ఎదురుగా ఏం కనిపిస్తోంది? అంతే. కళ్ళు మూసుకుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. సరంగు చూశాడు, చూశాడు. మనిషి కదలడు. బొమ్మ బిగుసుకుపోయిందనుకుని ఫోను పెట్టేసి మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. ఇంకోసారి చేశాడు.

అప్పుడు మాస్టారు కళ్ళు తెరిచాడు. "ఐ యామ్ హియర్" అన్నాడు. తర్వాత తెలుగులో, "నేనిక్కడే ఉన్నానండీ. నా వెనక గాలిమర చూడండి. అది తిరుగుతుంటే లైను ఉన్నట్టు. మీరు మాట్లాడేదాకా నేను వింటూనే ఉంటాను. అది ఆగితే లైను పోయినట్టు. మళ్ళీ చెయ్యండి" అన్నాడు.

నిజమే. భుజం వెనక పిల్లలు పట్టుకుని పరిగెత్తే కాగితపు గాలిమర ఒకటి, డబ్బాలో గుచ్చి ఉంది. టేబుల్ ఫ్యాను గాలికి గిర్రున తిరుగుతోంది. క్యాలెండర్ కాగితంతో చేసింది. ఒక రెక్క ఎరుపు, ఒకటి పసుపు, రెండు తేదీల అంకెలతో తెలుపు.

పక్కనించి ఒక గాజుల చెయ్యి వచ్చి టీ గ్లాసు పెట్టింది. చెయ్యి వెనక గొంతు వచ్చింది, మాస్టారి ఇల్లాలిది. "నేనే చేశాను బాబూ! అందరూ ఫోను పోయిందనుకుని పెట్టేస్తుంటే ఏం చెయ్యను? ఈయన నోట్లోంచి మాట రావాలంటే ట్రంకు కాలు బుక్ చేసుకోవాలి. మాట్లాడని మనిషి మాటలు నేర్పడం ఎక్కడన్నా ఉందా? నన్నడిగితే రోజుకి రెండు భాషలు నేర్పేదాన్ని!"

మాస్టారు కళ్ళు మూసుకునే నవ్వాడు.

ఆయన కథ సరంగుకి ఆవిడ గొంతులోంచే ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో. హెడ్‌ఫోను చెవులకి తగిలించుకుని, ఈ తీగ తీసి ఆ చిల్లులో పెట్టి, ఊరికీ ఊరికీ కలపడం. పుట్టుకలూ చావులూ బేరాలూ అలకలూ, అన్నీ ఆయన చెవిలోంచే వెళ్ళాయి. మధ్యలో ఒక్క మాట అనకూడదు. దూరదేశాల కాల్స్ వినీ వినీ ఇంగ్లీషు పట్టుబడింది. కళ్ళు మూసుకుని వినడం ఆ అలవాటే. ఎక్స్ఛేంజీ మూసేసినప్పుడు బోర్డులు పాత ఇనుములో వేశారు. ఇంటికొచ్చి కొన్నాళ్ళు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళామే పోరి పోరి ఈ పాఠాల్లో కూర్చోబెట్టింది.

పుస్తకం పెట్టడు. తప్పు దిద్దడు. "మీ పని చేసుకుంటూ చెప్పండి" అంటాడు. అందుకే సరంగు మధ్యాహ్నం ఓడలు లేని వేళ ఫోనుని దిక్సూచి పెట్టెకి రబ్బరు బ్యాండుతో కట్టి, లాంచీ నడుపుతూనే పాఠం చెప్పుకునేవాడు. అదిగో నీరు. అదిగో పీపా. పక్షి వచ్చింది. ఇప్పుడు ఎడమకి తిప్పుతున్నా. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చుట్ట కాల్చుకునేంత ఖాళీ. ఆ ఖాళీలో మాస్టారు వేలు పెట్టడు. మొదట్లో సరంగుకి చెమటలు పట్టేవి. ఎవరైనా నోట్లో మాట అందిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. గాలిమర తిరుగుతూ ఉండేది. చివరికి ఆ ఖాళీలోంచే ఏదో ఒక మాట, బావిలో పడిన చేద పైకొచ్చినట్టు, నీళ్ళు కారుకుంటూ పైకొచ్చేది.

వదిన ఇంకొకటి చెప్పింది. ఇక నేర్పడానికి ఏమీ లేదనుకున్న రోజున మాస్టారు చెయ్యి వెనక్కి చాపి, వేలితో ఆ గాలిమరని ఆపుతాడట. ఆపి, వెనకటి ఉద్యోగంలో అన్నట్టే అంటాడట. "లైన్ కలిసింది. ఇక మాట్లాడుకోండి." అని పక్కకి తప్పుకుంటాడట. "నాకా రోజున ఏడుపాగలేదు మరిదీ" అంది వదిన.

సరంగుకి ఆ మాట ఇంకా రాలేదు. పరీక్ష రేపు. ఉన్నది ఈ మధ్యాహ్నం పాఠం ఒక్కటే.

ఎండ నెత్తికెక్కాక లాంచీని మొగ దగ్గరికి తెచ్చి, ఫోను కట్టాడు. ఒకప్పుడు ఇంజను మామ చేతిలోంచి రెంచి జారిపడి ఆ ఫోను పైమూల పగిలింది. ఆ పగులు వెనక గాలిమర ఉట్టి రంగుల సుడిలా కనిపిస్తుంది. దానికితోడు అద్దం మీద ఎండ. మాస్టారు అదే తెల్లచొక్కాలో ఉన్నాడు. కాస్త నలిగినట్టున్నాడు, గొంతు కూడా బొంగురుగా ఉంది.

"ఒంట్లో బాగోలేదా మాస్టారూ?"

సమాధానం వెనకనించి వచ్చింది. "రాత్రంతా దగ్గు బాబూ! ఇవాళ మానేయండి అంటే వింటేనా? 'రేపు ఆయన పరీక్ష' అంటారు. మీ పరీక్ష ఈయన రాస్తున్నట్టు!"

మాస్టారు చెయ్యి ఊపి ఆవిడని ఆపాడు. కళ్ళు తెరిచి సరంగుని చూశాడు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"ఆ వరద రోజున ఓడ మిమ్మల్ని ఏమడిగింది?"

సరంగు చేతులు చక్రం మీద బిగుసుకున్నాయి. "విచ్ సైడ్ అని."

"అది ఇంకా లైన్లోనే ఉందనుకోండి. చెప్పండి." కళ్ళు మూసుకున్నాడు.

ఇంజను టకటకమంటోంది. నీళ్ళు లాంచీ పక్కల్ని తడుతున్నాయి. గాలిమర తిరుగుతోంది. సరంగుకి గొంతులో మళ్ళీ ఆ రోజు లేచింది, ఆ బురదనీరు, కొట్టుకొచ్చే చెట్లు, ఆ ఓడ పొడుగాటి నల్లటి పక్క. హు అని ఒక ఊపిరి వచ్చింది. ఇంకోటి. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. తిరిగే రంగుల్ని చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత నోరు తెరిచాడు.

ఎర్ర పీపాకి ఎడమ పక్కకి రా అన్నాడు, ఇంగ్లీషులో. నిమ్మళంగా రా. కుడిపక్క బురద ఉంది, అటు పోకు. నేను నీ ముందు ఉన్నాను, నా వెనకే రా. ఇక్కడ నీరు లోతు. ఇక్కడ ఇంకా లోతు. ఇప్పుడు కొంచెం తిరుగు, ఇప్పుడు చాలు. చక్రం తిప్పుతూనే చెప్పాడు, చెబుతూనే లాంచీని ఆ వరద దారివెంట నడిపాడు. మధ్యలో తప్పులు దొర్లాయి, ఆగలేదు. గడ వేసి చూసిన లోతులన్నీ, రాత్రిళ్ళు కాపలా కాసిన మేటలన్నీ నోటివెంట వచ్చేశాయి. ఆ లేని ఓడ లోపలికొచ్చింది. రేవు కనిపించింది. లంగరు వెయ్యి అన్నాడు. నువ్విప్పుడు ఇంటికొచ్చావు అన్నాడు.

చెప్పడం అయిపోయింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంజను మామ మెట్లమీద నిలబడి నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"విన్నారా మాస్టారూ?" అని ఫోన్లోకి చూశాడు సరంగు.

పగులు వెనక రంగులు తిరగడం లేదు. గాలిమర ఆగిపోయి ఉంది. మాస్టారు కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నాడు.

"ఛీ, దీని దుంపతెగ! ఇప్పుడే పోవాలా లైను!" మొగ దగ్గర లైను పోవడం కొత్తేమీ కాదు. ఎప్పట్లాగే పెట్టేసి మళ్ళీ చేశాడు. మోగింది, ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేశాడు. ఫోను పైకెత్తి డెక్కు మీద ఈ చివరినించి ఆ చివరికి నడిచాడు.

"ఎక్కడిదాకా విన్నాడో మామా. సగంలో పోయిందో, మొదట్లోనే పోయిందో."

"నేను విన్నాగా" అన్నాడు ఇంజను మామ.

"నువ్వు వింటే ఏం లాభం? నీకు ఒక్క ముక్క రాదుగా."

"రాదు. కానీ అల్లుడూ, నువ్వు చెబుతుంటే నాకు దారి కనిపించింది." చెవిలో బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

పొద్దు వాలేవేళకి లాంచీ కట్టేసి రేవు మెట్లమీద కూర్చుని సరంగు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి తీశారు. ఆవిడ గొంతు. అంత మాటకారి మనిషి గొంతులో మాటలు ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి.

"మీ మాస్టారు వెళ్ళిపోయారు బాబూ."

సరంగు మెట్టుమీంచి లేచి నిలబడ్డాడు.

"ఆ కుర్చీలోనే. పాఠంలోనే. నేను వంటింట్లో ఉన్నాను. 'లైన్ కలిసింది, ఇక మాట్లాడుకోండి' అన్నారు. వినబడింది నాకు. మళ్ళీ మోగితే ఆయనే తీస్తారులే అనుకున్నాను. కాసేపటికి టీ తీసుకుని వచ్చి చూస్తే ఫోన్లో నువ్వు లేవు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎప్పుడూ ఉన్నట్టే అనుకున్నాను బాబూ. టీ చల్లారిపోతోందండీ అన్నాను. చెయ్యి చూస్తే వెనక్కి చాపి ఉంది. వేలు గాలిమర మీద ఉంది."

"గాలిమర మీదా?"

"ఆఁ. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది మాత్రం ఆయన వేలి కింద ఒకటే కొట్టుకుంటోంది. నేనే తీశాను ఆ వేలు."

రేవులో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. సరంగు చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లైను పోలేదు. ఆపాడు. ఓడ లంగరు వేసేదాకా విని, అప్పుడు ఆపాడు. ఆ రెండు మాటలూ అనేలోపు తానే ఫోను పెట్టేశాడు.

"అమ్మగారూ, నేనే పెట్టేశాను. లైను పోయిందనుకుని పెట్టేశాను."

"అందరూ చేసేదేలే నాయనా. ఆయన చివరి మాట నీతో కదా, నాకు అదే చాలు. రేపు పరీక్షకి వెళ్ళు. మానేశావంటే ఊరుకోను. అయ్యాక ఫోను చెయ్యి. ఏమయిందో చెప్పాలి కదా ఆయనకి."

మర్నాడు పొద్దున సరంగు అద్దాలు తుడిచాడు. తడి పేపరుతో ఒకసారి, పొడి పేపరుతో ఒకసారి. అధికారి వచ్చి వెనక నిలబడ్డాడు. ఒడ్డున రేడియో గదివాళ్ళు స్పీకరు గొంతు పెంచి పెట్టుకుని, వినోదానికి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. కలప మోసుకొచ్చే ఓడ ఒకటి సముద్రంలో మంచులోంచి బయటికి వచ్చింది. రేడియో గరగరమంది. ఎవరో పైదేశపు మనిషి, విసుగ్గా, నిద్రలేని గొంతుతో అడిగాడు, లోతు ఎక్కడ ఉందని.

సరంగు మీట నొక్కాడు. హు అని ఒక ఊపిరి వెళ్ళింది. ఒడ్డున ఎవరో పకాలుమన్నారు. అధికారి దగ్గాడు. సరంగు తొందరపడలేదు. ఎదురుగా నీళ్ళవైపు చూస్తూ, ఆ ఖాళీని దాని మానాన ఉండనిచ్చాడు.

"ఐ యామ్ హియర్" అన్నాడు.

తర్వాత మిగతాదంతా చెప్పాడు. ఎర్ర పీపాకి ఎడమకి రమ్మన్నాడు. బురద ఎక్కడుందో చెప్పాడు. ఓడవాడు అర్థంకాక మళ్ళీ అడిగితే, ఆగి, ఇంకో రకంగా చెప్పాడు. అంత పెద్ద ఓడ, కొండ కదిలినట్టు కదిలి, చిన్న లాంచీ వెనక బుద్ధిగా నడిచి వచ్చింది. రేవు దగ్గర లంగరు గొలుసు గలగలా జారింది. పైనించి ఆ నిద్రలేని గొంతే రేడియోలో థాంక్యూ అంది, ఆ వెంటే గుడ్ పైలట్ అంది. అధికారి ముందుకొచ్చి సరంగు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంజను మామ లాంచీ కూత మీటని పట్టుకుని వేలాడాడు. రేవు దద్దరిల్లింది. రేడియో గది ముందునించి వెళ్తుంటే లోపల ఒకడు లేచి నిలబడ్డాడు. ఊదలేదు.

సరంగు చుక్కాని గదిలోకి తిరిగొచ్చి తలుపు వేసుకుని, ఫోనుని దిక్సూచి పెట్టెకి కట్టి, చేశాడు.

వెంటనే తీశారు. ఆ ఇంట్లో పక్కగదిలో మనుషుల అలికిడి వినబడుతోంది. ఆవిడ ఫోనుని ఎప్పుడూ పెట్టేచోటే నిలబెట్టింది. సున్నం గోడ, ఖాళీ కుర్చీ. గాజుల చెయ్యి వచ్చి ఫ్యాను మీట వేసి, పక్కకి తప్పుకుంది.

"మాస్టారూ" అన్నాడు సరంగు. "లైన్ కలిసింది."

గాలిమర వైపు చూశాడు. ఎండ ఇంకా అద్దం మీదికి రాలేదు. పగులు వెనకనించైనా ఈసారి బాగానే కనిపించింది. ఎరుపు, పసుపు, తేదీల అంకెల తెలుపు. ఎర్ర రెక్క మీద వేలు నొక్కినచోట కాగితం వంగి ఉంది. తిరిగినప్పుడల్లా ఆ వంపు పుల్లకి తగిలి టిక్కుమంటూ, గాలిమర తిరుగుతూనే ఉంది.